పరదా కట్టిన బాక్సింగ్ పోటీ

విశాఖపట్నానికి ఉత్తరాన, సముద్రపు ఒడ్డున రాళ్ళరేవు అనే పేటలో మాసేను అనే కేబుల్ టీవీ అతను ఉండేవాడు. మనిషి మంచివాడే కానీ, నలుగురూ దేన్నైనా ఊరికే చూసి ఆనందిస్తుంటే అతనికి గిట్టేది కాదు.

"ఊరికే సూపించేదానికి విలువేటుంటాది?" అనేవాడు.

రాళ్ళరేవులో వేసవి వచ్చిందంటే సందడే సందడి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం వేట ఆపించేది. పడవలన్నీ ఇసుకమీదికి వచ్చేసేవి. సాయంత్రమయ్యేసరికి పేటంతా ఒడ్డున కట్టిన బాక్సింగ్ రింగు చుట్టూ చేరేది. ఆ పేటలో బాక్సింగ్ గ్లవ్స్ లేని ఇల్లు వెతికినా దొరికేది కాదంటే నమ్ముతారా! ఎండుచేపల పక్కనే దండెం మీద గ్లవ్స్ ఆరుతుండేవి.

పోటీలకు లైట్లు, మైకు పెట్టేది మాసేనే. టికెట్టు ఉండేది కాదు. ఆఖరున తువ్వాలు పట్టుకుని తిరిగితే ఎవరికి తోచింది వాళ్ళు వేసేవారు.

ఇక అక్కడి అరుపుల సంగతి చెప్పాలి. తమ పేట పిల్ల రింగులో దిగిందంటే, జనం వల లాగేటప్పటి కేక అందుకునేవారు. "హైలెస్సా!" అని వందలమంది ఒక్కసారి అంటే రింగులో ఒక గుద్దు పడేది. మళ్ళీ "హైలెస్సా!", మళ్ళీ గుద్దు! బయటినుంచి వచ్చినవాళ్ళు అదేం గోల అని చెవులు మూసుకునేవారు. పేట పిల్లలకు మాత్రం ఊపిరి ఆ కేకతోనే ఆడేది.

ఆ పిల్లల్లో దిట్ట కాసులమ్మ. మాసేను అక్క ఎర్రమ్మ కూతురు. ఆ ఏడు రాళ్ళరేవు పోటీలో గెలిచిన అమ్మాయిని రాష్ట్ర జట్టులోకి తీసుకుంటామని బాక్సింగ్ సంఘం పెద్దలు ప్రకటించారు. ఎర్రమ్మ చేపల గంప దించి, కూతురి రెండు చేతులూ పట్టుకుని, "ఈ సేతులతో గంప మొయ్యకూడదే నువ్వు. ఎల్లి రా!" అంది. కాసులమ్మ అప్పటినుంచి ఇసుకలో పరుగెత్తని రోజు లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మాసేను ఒక పెద్ద పోటీని డబ్బు పోసి కొన్నాడు. ఏదో దూరదేశంలో ఇద్దరు మహా బాక్సర్లు కొట్టుకుంటారట. డబ్బు కట్టినవాళ్ళ టీవీలోనే అది కనబడుతుందట. ఎంత చిత్రమో చూడండి, కొట్టుకునేది వాళ్ళు, చూసినందుకు కట్టేది మనం! ఆదివారం పొద్దున్నే వీధంతా మాసేను ఇంట్లో కూర్చుంది. బాక్సర్లు వచ్చారు, బట్టలు విప్పారు, ఒకరినొకరు గుడ్లురిమి చూసుకున్నారు. గంట మోగింది. ఒకడు ఒక్క గుద్దు గుద్దాడు. రెండోవాడు పడుకున్నాడు. అంతే! చేతుల్లో టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

"ఇంతేనేటి మాసేనూ?" అంది ఎర్రమ్మ. "ఈపాటి దెబ్బలాట మన కుళాయి కాడ రోజూ సూత్తాం కదరా, ఊరికే!"

అందరూ పడీపడీ నవ్వారు. మాసేను నవ్వలేదు. ఈ పోటీకి అంత డబ్బు తగునా అని అతను ఆలోచించలేదు. నాలాగ ఎంతమంది కట్టుంటారో అని ఆలోచించాడు. అతని కళ్ళు మెరిశాయి.

పోటీ రోజుకి రింగు చుట్టూ వెదురు బొంగులు పాతించి, మనిషికి రెండింతల ఎత్తున నీలం టార్పాలిన్ పరదా కట్టించాడు. లోపల కెమెరా పెట్టించాడు. రిఫరీ, జడ్జీలు, ఆడేవాళ్ళు తప్ప ఎవ్వరూ లోపలికి రాకూడదు. చూడాలనుకున్నవాళ్ళు డబ్బు కట్టి, సెల్‌ఫోనులో చూసుకోవాలి.

"నా కూతురాట నాకే పరదాయేట్రా?" అంది ఎర్రమ్మ.

"నీకు ఊరికే సూపిత్తే మిగతావోళ్ళు ఊరుకుంటారేటక్కా? రేపటి రోజుల్లో ఆటంటే ఇలాగే ఉంటాది. సూసుకో!"

ఎర్రమ్మ పరదా బయట ఇసుకలో కూలబడింది.

పేట జనం ఇళ్ళకు పోతారా? పోలేదు. కట్టగలిగినవాళ్ళు కొద్దిమంది కట్టారు. ఒక్కొక్క ఫోను మీద ఇరవై తలలు వంగాయి. "తల తియ్యెహె!" "నీ తలే తియ్యి, గుమ్మడికాయంతుంది!" అని తోపులాట. ఫోనున్న ప్రతివాడూ ఆ పూటకు జమీందారే!

లోపల గంట మోగింది. కాసులమ్మకు ఎదురు కాకినాడ అమ్మాయి రూతు. పొడవాటి చేతులు, పాములాంటి చురుకు. కాసులమ్మ అడుగు ముందుకేసి ఎడమచేత్తో ఒకటి, కుడిచేత్తో ఒకటి బలంగా తగిలించింది. ఆ చప్పుడు పరదా దాటి బయటికి వినబడింది.

"ఒరే, సప్పుడు ఇప్పుడే ఇనబడింది, ఫోన్లో గుద్దు ఇంకా రాదేట్రా?" అంది ఎర్రమ్మ, పక్కనున్న ఫోనువాడితో.

రాలేదు. కెమెరానుంచి ఎక్కడికో వెళ్ళి, ఎక్కడెక్కడో తిరిగి, ఆ బొమ్మ చెంబెడు నీళ్ళు తాగేంత ఆలస్యంగా ఫోనుకు వస్తోంది. జనం కాసులమ్మ గుద్దు చూసి "హైలెస్సా!" అని ఆకాశం అదిరేలా అరిచేసరికి, లోపల ఆమె రూతు చేతిలో దెబ్బ తిని తాళ్ళమీద వాలుతోంది!

మొదటి రౌండంతా ఇదే తంతు. గుద్దినప్పుడు నిశ్శబ్దం. తిన్నప్పుడు హర్షధ్వానం. కాసులమ్మ ఊపిరి తప్పింది. అడుగు తడబడింది. రెండో రౌండులో రూతు కుడిచెయ్యి దవడకు తగిలి ఆమె కింద పడింది. రిఫరీ అంకెలు లెక్కపెడుతున్నాడు. సరిగ్గా అప్పుడే పరదా బయట చప్పట్లు, ఈలలు! వాళ్ళ ఫోన్లలో కాసులమ్మ ఇంకా గుద్దుతూనే ఉంది.

ఆమె ఎలాగో లేచింది. గంట మోగింది. తన మూలకు వచ్చి పీటమీద కూలబడింది. కెమెరా దగ్గరున్న మాసేను వచ్చి నీళ్ళు పట్టాడు. ఆమె మింగలేదు.

"మావా, ఆళ్ళు ఎవరికి కేకలేత్తన్నారు?"

"నీకేనమ్మా! ఇంకెవరికి?"

"నేను పడిపోతే సప్పట్లు కొట్టేరు మావా." ఆమె గ్లవ్‌తో దవడ తుడుచుకుంది. "నేనేటి సేసేను ఆళ్ళకి?"

మాసేను పరదావైపు చూశాడు. అది తీస్తే డబ్బు కట్టినవాళ్ళు ఊరుకోరు. తియ్యకపోతే? ఈ పిల్ల తన సొంత పేట తనను చూసి నవ్విందనుకుంటూనే ఆఖరిదైన మూడో రౌండు ఆడాలి. చేతిలో సీసా కింద పడేసి ఉరికాడు. మొలలో ఉన్న వలకత్తి తీసి పరదా తాళ్ళు తెగ్గోశాడు. ఒక బొంగు ఒరిగింది, దానివెంట రెండోది. నీలం టార్పాలిన్ పెద్ద అల విరిగినట్టు ఇసుకమీద పడిపోయింది.

ఎదురుగా పేట! ఫోన్లు చేతుల్లో పట్టుకుని నోళ్ళు తెరిచిన జనం. వాళ్ళ ముందు ఎర్రమ్మ.

"ఓలె కాసులూ!" ఎర్రమ్మ రెండు చేతులూ ఎత్తింది. "లాగవే తల్లీ వల!"

గంట మోగింది.

"హైలెస్సా!" గుద్దు! "హైలెస్సా!" గుద్దు! ముసలివాళ్ళు పడవల మీదికెక్కారు. పిల్లలు పెద్దవాళ్ళ భుజాలమీదికెక్కారు. కాసులమ్మకు ఊపిరి దొరికింది, అడుగు కుదిరింది. రూతు మాత్రం తక్కువదా! ఆ కేకల ఊపుకు ఆమె కాళ్ళూ లేచాయి. ఇద్దరూ రింగు నడిమధ్య నిలబడి వెనకడుగన్నది లేకుండా గుద్దుకున్నారు. జడ్జీలు కూడా కుర్చీల అంచుకు జరిగారు. ఆఖరి గంట ఎవరికీ వినబడలేదు. రిఫరీయే మధ్యలో దూరి విడదీయాల్సి వచ్చింది.

తర్వాత తీర్పు వచ్చింది. ఐదుగురు జడ్జీల్లో ఇద్దరు కాసులమ్మ అన్నారు. ముగ్గురు రూతు అన్నారు.

రూతు చెయ్యి పైకి లేచింది.

కాసులమ్మ ఆమెను కావలించుకుని, దిగి వచ్చి, మాసేను ముందు నిలబడింది. "మూడో రౌండులాగ మొదటి రెండూ ఉండుంటేనా మావా..." అంది. తిట్టినా బాగుండేదని మాసేను ఏడ్చాడు.

ఆ సాయంత్రమే కట్టినవాళ్ళందరికీ డబ్బు తిరిగి ఇవ్వబోయాడు. పడవ నడిపే ముసలి సరంగు ఒకడు మాత్రం పుచ్చుకోలేదు.

"పరదా తీసేక సూసిన రౌండుకి నేనే ఇంకా ఇవ్వొచ్చు. ముందు రెండు రౌండ్లకీ నువ్వే నాకివ్వాల," అన్నాడు.

మరుసటి ఏడు మాసేను మళ్ళీ కెమెరా పెట్టాడు. పరదా కట్టలేదు. ఒడ్డున ఉన్నవాళ్ళు ఎప్పటిలాగే ఊరికే చూశారు. గుజరాత్‌లో వేరావల్ రేవుకు పనికి వెళ్ళిన పేటవాళ్ళు మాత్రం టీ ఖర్చంత డబ్బు పంపి ఫోన్లలో చూశారు. ఆలస్యంగానే చూశారు, ఆలస్యంగానే అరిచారు. కానీ బొమ్మతోపాటు ఒడ్డుమీది హోరు కూడా వాళ్ళకు వినబడింది. "ఇంటికాడున్నట్టుంది మాసేనూ!" అని కొందరు అడగకుండానే ఇంకాస్త పంపారు.

ఆ ఏడు కాసులమ్మ మొదటి గంటనుంచే పేట కేకతో ఆడింది. ఐదుగురు జడ్జీలూ ఆమె పేరే చెప్పారు. రాష్ట్ర జట్టు బస్సెక్కుతుంటే ఎర్రమ్మ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది.

నీతి: ఆటకు ప్రాణం పోసేది చూసేవాళ్ళే, వాళ్ళను బయట నిలబెట్టి చూపును అమ్ముకునేవాడికి, అమ్మడానికి చివరికి ఆటే మిగలదు.