సత్తిరాజు బావమరిది

ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా పని పురమాయించడం గుండె వైద్యురాలు కమలాంబగారి అలవాటు. ఆ అలవాటు తలుచుకుంటేనే శిష్యురాలు సుహాసినికి ఒళ్లు మండేది.

ఆ ఉదయం వార్డులో నడుస్తూ అడిగింది. "గుండెపోటు వచ్చాక చచ్చిన కండని ఎత్తిపొయ్యడానికి తెల్లకణాలు ఎగబడతాయి కదా మేడమ్. అవి పక్కనున్న బతికున్న కండనీ పాడుచేస్తున్నాయి. ఆ వాపుని మొదట్లోనే మందుతో పూర్తిగా అణిచేస్తే సరిపోదా?"

"ముందు ఆ కిటికీ పక్క మంచం దగ్గర గొడవేమిటో చూడు" అని ఆవిడ పక్క గదిలోకి వెళ్లిపోయారు.

ఆ మంచం మీద ఉన్నది అనకాపల్లి బెల్లం వ్యాపారి సత్తిరాజు. ముందురోజు దుకాణంలో కుప్పకూలితే బావమరిది నూకరాజూ, చుట్టాలూ చేతుల మీద మోసుకొచ్చారు. తెచ్చినవాళ్లు తిరిగి వెళ్తేనా? పరామర్శకి వచ్చినవాళ్లతో కలిసి మంచం చుట్టూ మూగారు. నూకరాజైతే నర్సు మీద అరుస్తాడు, ఆలస్యమంతా నీవల్లేనని పెదనాన్న కొడుకుతో దెబ్బలాడతాడు, మధ్యలో భోరుమంటాడు. సత్తిరాజు నాడి పరుగెడుతోంది. సుహాసినికి ఓపిక నశించింది. కాపలావాళ్లని పిలిచి, ఒక్కరినీ మిగల్చకుండా బయటికి గెంటించి, హమ్మయ్య అనుకుంది.

ఆ హమ్మయ్య ఎంతోసేపు నిలవలేదు. కళ్లు తెరిచిన సత్తిరాజుకి తెలిసిన మొహం ఒక్కటీ కనబడలేదు. "మా నూకరాజేడి? నన్నిక్కడ వదిలేసి పోనారేటి?" అంటూ ఒంటికున్న వైర్లు పీకేసి మంచం దిగబోయాడు. నర్సూ తనూ కలిసి పట్టుకునేసరికి మనిషి చెమటలతో తడిసిపోయాడు, నాడి లయ తప్పింది. ఇంత చదువూ చదివి ఒక మనిషిని చేతులారా చంపుకునేలా ఉన్నానని సుహాసినికి ఏడుపొచ్చింది. మందు ఎక్కించి, నర్సుని కాపలా పెట్టి, తనే గేటు దాకా పరుగెత్తింది. నూకరాజుని పిలిస్తే గుంపంతా వెనకాలే బయల్దేరింది.

"మీ బావ బతకాలా, మీ గోల సాగాలా?" అంది విసిగిపోయి. "మీరొక్కరే రండి. నోరెత్తకుండా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోండి. వీళ్లని మీరే పంపించండి."

అందరికన్నా గట్టిగా అరిచినవాడే ఒక్కొక్కరినీ బుజ్జగించి సాగనంపాడు. "లెగకు బావా, నానిక్కడే ఉన్నాను" అంటూ మంచం పక్కన చేరి, చెంచాతో నీళ్లు పడుతూ ఉండిపోయాడు. నాడి మెల్లగా కుదుటపడింది.

కమలాంబగారు వచ్చి చూశారు. "ఇందాక అంత గొడవ చేసిందెవరు?"

"ఇతనే మేడమ్."

"నిన్న మోసుకొచ్చింది?"

"ఇతనే." సుహాసిని గొంతులో విసుగు ఇంకా పోలేదు.

"గాయాన్ని తర్వాత మాన్పేదీ నీ తెల్లకణాలే. మరి ఎవర్ని అణిచేద్దామంటావు?" అన్నారావిడ, తర్వాతి మంచం వైపు నడుస్తూ.