రాసే ముందు చదువు

ఉప్పాడ ఒడ్డున ఉన్న ఒక రొయ్యపిల్లల హేచరీకి కంప్యూటరు పనులు చేసిపెట్టే ఉపేంద్ర మంచి పనిమంతుడే గానీ, ఒక్క తాళంచెవితో తీరే పనికి గుత్తంతా పుచ్చుకునే రకం. ఒకరిని అడగడమంటే అతనికి మహా నామోషీ. అందుకే అడిగితే ఒక్కసారే అంతా అడిగేసేవాడు, మళ్ళీ ఎవరి ముందూ నిలబడే పని ఉండకూడదని.

ఆ హేచరీ వీరవేణిది. ఏడు సిమెంటు ట్యాంకుల నిండా కంటికి ఆనీ ఆనని రొయ్యపిల్లలు. ఆ నీళ్ళలో ఎప్పుడూ గాలి బుడగలు లేస్తూ ఉండాలి. గాలి ఆగితే పిల్లలు పావుగంట బతకడం కష్టం. కిందటేడు రోగం తగిలి ఒక్కటీ మిగల్లేదు. "ఈసారి కూడా పోతే గేటుకు తాళం వేసేస్తాను. నాకిక ఓపిక లేదు," అని ఆవిడ అందరితోనూ అనేది. ఈసారి పిల్లలు చక్కగా ఎదిగాయి. ఇంకొక్క రోజు గడిస్తే రైతులు వచ్చి తమ చెరువులకు పట్టుకెళ్తారు.

ట్యాంకుకొక గాలి మోటారు. ఆ మోటార్లను నడిపించేది ఆఫీసు గదిలో ఉన్న పాత కంప్యూటరు. దాని వెనక ప్రింటరు తగిలించే చోటు నుంచి ఎనిమిది తీగలు బయలుదేరి స్విచ్చుల పెట్టెలోకి వెళ్ళేవి. ఏడు తీగలకు ఏడు మోటార్లు. ఎనిమిదోది ఖాళీ. చేత్తో వేసే మీటలు కూడా ఒకప్పుడు ఉండేవి గానీ, ఉప్పుగాలికి తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఈ ఏర్పాటంతా చేసింది పేర్రాజు మాస్టారు. కాకినాడలో ఉపేంద్రకు పాఠాలు చెప్పింది కూడా ఆయనే.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. కంప్యూటరు బయటి యంత్రాలతో మాట్లాడే కిటికీలను పోర్టులంటారు. ప్రతి కిటికీకీ ఒక నంబరు ఉంటుంది. లోపల కెర్నెల్ అనే కాపలాదారు కూర్చుని ఉంటుంది. అనుమతి లేని ప్రోగ్రాము ఏ కిటికీ మీదైనా చెయ్యి వేసిందా, మెడపట్టి బయటికి గెంటుతుంది. మాస్టారి ప్రోగ్రాము ప్రింటరు తాలూకు మూడు కిటికీలకే అనుమతి అడిగి, వాటితోనే సరిపెట్టుకునేది. ఆయన వెళ్తూ వెళ్తూ తెర పక్కన ఒక చీటీ అంటించారు. అందులో "రాసే ముందు చదువు" అని ఉంది.

అది చూసినప్పుడల్లా ఉపేంద్రకు నవ్వు ఆగేది కాదు. "పరీక్ష రాసే ముందు చదువుకోవాలట! రిటైరైనా మాస్టార్లకు ఈ చదువుల గోల వదలదు," అనేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం, కొత్తగా కట్టిన ఎనిమిదో ట్యాంకుకు గాలి పెట్టాల్సి వచ్చింది.

"మాస్టారికి ఓసారి ఫోను చేసి కనుక్కో బాబూ. ఆయన పెట్టిన ఏర్పాటు కదా," అంది వీరవేణి.

"దీనికి కూడానా అండీ! ఐదు నిమిషాల పని," అన్నాడు ఉపేంద్ర.

మాస్టారి ప్రోగ్రామును ఆపి, చెరిపేసి, దాని చోట తనది ఒకటి రాశాడు. ఆపినా మోటార్లు ఆగలేదు. కిటికీలో చివరగా రాసిన అంకె మళ్ళీ ఎవరైనా మార్చేదాకా అలాగే ఉంటుంది. మూడు కిటికీలు అడుక్కోవడమెందుకని, ఉన్న కిటికీలన్నిటికీ అనుమతి పుచ్చుకున్నాడు. యంత్రానికి యజమాని హోదాలో అడిగాడు గనక కాపలాదారు కాదనలేదు. ఎనిమిదో తీగకు చెందిన అంకె నూట ఇరవై ఎనిమిది. దాన్ని తీగలను నడిపే కిటికీలో రాసి కీబోర్డు మీద మీట నొక్కాడు.

గుమ్మం ఎదుట ఎనిమిదో ట్యాంకులో బుడగలు బుసబుసా లేచాయి.

"చూశారా!" అన్నాడు కుర్చీలో వెనక్కి వాలి.

వీరవేణి అటు చూడలేదు. తక్కిన ట్యాంకులున్న షెడ్డు వైపు చెవి పెట్టి నిలబడింది. రోజంతా వినిపించే బుడబుడ చప్పుడు ఒక్కసారిగా సన్నబడిపోయింది.

"అమ్మగారోయ్! గాలాగిపోయిందండీ! ఏడిట్లోనూ ఆగిపోయింది!" అని ట్యాంకులు చూసుకునే సింహాద్రి కేకపెట్టాడు.

ఉపేంద్ర కుర్చీ ముందుకు లాక్కున్నాడు. గబగబా ఒకటో ట్యాంకు అంకె రాశాడు.

"ఒకటి వచ్చిందండీ! ఎనిమిది పోయింది!"

రెండోది రాశాడు.

"రెండు వచ్చిందండీ! అయ్యో, ఒకటి పోయింది!"

ఆ కిటికీలో ఒక అంకె రాయడమంటే ఎనిమిది తీగలకూ ఒకేసారి ఆజ్ఞ ఇవ్వడం. ఎనిమిదో దానికి 'నడు' అని మాత్రమే రాస్తే, తక్కిన ఏడింటికీ 'ఆగు' అని రాసినట్టే. అప్పటికి గానీ ఉపేంద్రకు అది తట్టలేదు. అన్నిటినీ కలిపి రాద్దామనుకున్నాడు. చూడకుండా టకటకా కొట్టాడు. కిటికీ నంబరులో ఒక అంకె తప్పు పడింది. మూడు కిటికీలకే అనుమతి ఉండుంటే కాపలాదారు ఆ ప్రోగ్రామును అక్కడే ఆపేసి ఉండేది, యంత్రం క్షేమంగా ఉండేది. కానీ అన్ని కిటికీలూ బార్లా తెరిపించుకున్నాడు కదా, ఎవరాపుతారు? ఆ రాత ఏదో వేరే కిటికీలో పడింది. తెర బిగుసుకుపోయింది. కిటికీల్లోని అంకెలన్నీ చెదిరి రెండో ట్యాంకూ ఆగింది.

షెడ్డులో ఇప్పుడు ఏ చప్పుడూ లేదు.

వీరవేణి చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని ట్యాంకులోకి దిగింది. చేతులతో నీళ్ళు చిలకడం మొదలుపెట్టింది. సింహాద్రి బకెట్టుతో నీళ్ళు తోడి పైనుంచి పోస్తున్నాడు. ఇద్దరు మనుషులు, ఏడు ట్యాంకులు.

ఉపేంద్ర ఫోను తీశాడు. నామోషీ గీమోషీ ఎటు పోయాయో!

"మాస్టారూ, తప్పు చేశాను," అని జరిగిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు.

"తిట్లు తర్వాత. యంత్రం ఆపి మళ్ళీ వెయ్యి," అన్నారు మాస్టారు.

"లేవడానికి నాలుగు నిమిషాలు పడుతుందండీ!"

"పడనీ. నా చీటీ ఉందా అక్కడ?"

"ఉందండీ. రాసే ముందు చదువు."

"చదువంటే పుస్తకాలు కాదోయ్! ఆ కిటికీలో ఇప్పుడేముందో చదవమని. ఉన్నదానికి నీది కలుపు, అప్పుడు రాయి. మూడు కిటికీలే అడుగు. అన్ని మోటార్లూ ఒకేసారి వేశావో, మెయిన్ ఫ్యూజు ఎగిరిపోతుంది. ఒక్కొక్కటే కలుపుకుంటూ రా."

యంత్రం లేచేలోగా ఉపేంద్ర ప్రోగ్రామును కాగితం మీద రాసుకున్నాడు. మూడు కిటికీలు. చదువు, కలుపు, రాయి. ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాడు. గోడ గడియారం వంక చూడటానికి భయమేసింది. తొమ్మిది నిమిషాలు గడిచిపోయాయి.

తెర వెలిగింది. "ముందు ఏ ట్యాంకండీ?" అని కేకవేశాడు.

"మూడోది బాగా ఒత్తుగా ఉందండీ, పిల్లలు అడుక్కి దిగిపోయాయి. దానికి పెట్టమనండి అమ్మగారూ!" అన్నాడు సింహాద్రి ఏడుపు గొంతుతో.

వీరవేణి మూడో ట్యాంకులోకి వంగి చూసింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

"వద్దు. అది అయిపోయింది. కదులుతున్నవాటికి ముందు పెట్టు బాబూ."

ఉపేంద్ర కిటికీలో ఉన్నది చదివాడు. సున్నా. ఒకటో ట్యాంకును కలిపి రాశాడు.

"ఒకటి వచ్చిందండీ!"

మళ్ళీ చదివాడు. రెండును కలిపి రాశాడు.

"రెండు వచ్చింది!"

"ఒకటి ఉందా?" అని అరిచాడు ఉపేంద్ర. ఆ జవాబు వచ్చేదాకా అతను ఊపిరి తీసుకోలేదు.

"ఉందండీ! రెండూ ఉన్నాయండీ!"

నాలుగు, ఐదు, ఆరు, ఏడు. ప్రతిసారీ చదివాడు, కలిపాడు, రాశాడు. చివరికి మూడోదాన్ని కూడా కలిపాడు. బుడగలు లేచాయి గానీ, ఆ నీళ్ళలో కదిలేదేమీ లేదు.

తక్కిన ఆరు ట్యాంకులూ మెల్లగా తేరుకున్నాయి. సాయంత్రం వీరవేణి ఉపేంద్రను మూడో ట్యాంకు దగ్గరికి పిలిచింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఆరు దక్కాయి. గేటుకు తాళం పడదులే. ఈ నీళ్ళు మాత్రం నువ్వే వదిలెయ్యి బాబూ," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఉపేంద్ర తూము తీశాడు. తెల్లగా మారిన రొయ్యపిల్లలు గుప్పెళ్ళకొద్దీ నీళ్ళతో పాటు కాలవలోకి జారిపోయాయి. అవి పోతున్నంతసేపూ అక్కడే నిలబడి ఏడ్చాడు.

మర్నాడు పొద్దున్నే, రైతులు వచ్చేలోగా, ఎనిమిదో ట్యాంకును కలిపే ముందు మాస్టారికి ఫోను చేశాడు. మూడు కిటికీలకే అనుమతి అడిగాడు. ఉన్నదేమిటో చదివాకే రాశాడు. ఎనిమిదో దాంట్లో బుడగలు లేచాయి, తక్కిన ఆరింటిలోనూ చప్పుడు అలాగే ఉంది.

పనికి ఎంత అధికారం కావాలో అంతే పుచ్చుకోవాలి. అక్కడ ముందే ఉన్నదేమిటో చదవకుండా దాని మీద మన రాత రాయకూడదు.