కంబుజదేశపు సువణ్ణరి పట్టిన గురువారపు ఆట నోము

దీపపు వత్తి ఎగదోసి, అందరు దగ్గరగా కూర్చుండి వినుడు.

పూర్వమొకప్పుడు ఔపగవ ముని దీర్ఘశ్రవ మహర్షిని దర్శించి, నేర్చిన విద్య నేర్చినవారితోనే మట్టిగలియుచున్నదనియు, దానిని నిలుపు వ్రతమేదైన గలదా యనియు అడిగెను. మహర్షి ఇట్లు చెప్పెను.

తూర్పు సముద్రమున కావల కంబుజదేశమున, ఖ్మేరు జనుల నడుమ, సువణ్ణరి యను నర్తకి యుండెను. ఆమెకు ఎనిమిదవ యేటనే గురువమ్మ వ్రేళ్లు వెనుకకు వంచి వంచి ఆట నేర్పెను. ఆ యాటలో చేతివ్రేళ్లే తీగయగును, ఆకగును, పువ్వగును, పండగును. గురువమ్మ అవసానకాలమున సువణ్ణరిని పిలిచి ఒక నోము పట్టించెను. ప్రతి గురువారము గురువులను తలచి, ఆటకిరీటము ముందు మల్లెలుంచి, అగరువత్తులు వెలిగించి, ఒక్కరికైనను ఒక పాటయో ఒక అడుగో నేర్పవలెను. నేర్పక అన్నము ముట్టరాదు.

సువణ్ణరి కొన్నాళ్లు నియమము తప్పక చేసెను. పిదప పేరు వచ్చెను. కొలువులలో ఆడుటకే పొద్దు చాలకపోయెను. మల్లెలుంచెను, వత్తులు వెలిగించెను గాని, "వచ్చేవారం చూద్దాంలే" యని నేర్పుట మానెను.

అంతలో కాలము తిరుగబడెను. క్రూరులు దేశమునేలిరి. ఆడినవారిని పాడినవారిని వెదకి వెదకి చంపిరి. సువణ్ణరి కిరీటమును ఇంటి పెరటిలో పాతి, కూరగాయలమ్ముకొను దాననని బొంకి, వారు తోలిన పొలములలో నడుము విరుగ నాట్లు వేసెను. నాలుగేండ్లు నోట కూనిరాగమైనను పలుకకుండెను. ఆమెతో ఆడిన నలువదిమందిలో తిరిగి వచ్చినది ఆమె యొక్కతెయే.

క్రూరులు పోయిరి. సువణ్ణరి ఏటి రేవున గంజి కాచి అమ్ముకొని బ్రదుకుచుండెను. ఊరివారు పిల్లలకు ఆట నేర్పుమని వేడిరి. ఆమె తనవల్ల గాదనెను. ఒళ్లు అలసెను, అంతకంటె మనసు అలసెను. పాడబోగా మాటలు రావయ్యెను.

ఒక గురువారము ఉదయమున మియెక్ అను ముదుసలి ఆ రేవున పడవ దిగెను. పూర్వము ఆమె ఆటకు వెదురుపలకల వాద్యము వాయించినవాడు. ఇప్పుడు వాద్యమున సగము పలకలు లేవు. ఆమె పోసిన గంజి త్రాగి, మెల్లగా అడిగెను.

"చెల్లెమ్మా, ఇవాళ గురువారం. ఎవరికి నేర్పావు?"

"ఎక్కడి నేర్పడం అన్నా! నాకే సగం గుర్తులేదు. ఒంట్లో ఓపిక లేదు. నన్నిలా వదిలెయ్యి."

"ఆ గుర్తున్నదే నేర్పు."

"పాడేవాళ్లంతా పోయారన్నా."

"పోయారనేగా, పడవ దొరికేదాకా నాలుగు రోజులు నడిచి నీ దగ్గరికి వచ్చాను."

సువణ్ణరి గంజి కుండ దించి, నీళ్లకు వచ్చిన పిసెయ్ యను తొమ్మిదేండ్ల పిల్లను పిలిచి వ్రేళ్లు వంచెను. పిల్ల తప్పు చేసెను. "అలా కాదే, బొటనవేలు లోపలికి" అని దిద్దబోగా, మరచితి ననుకొన్న తరువాతి అడుగు సువణ్ణరి కాలికి తానే వచ్చెను. ఆమె అక్కడనే కూలబడి యేడ్చెను. అటుపై ప్రతి గురువారము నేర్పిరి. ఒకరు పదుగురైరి. కిరీటమును త్రవ్వి తీసిరి. పాటల మాటలు ఒక్కొక్కటే తిరిగి వచ్చెను.

కాని వానకాలమున ఆమెకు మరల విసుగు పుట్టెను. ఒళ్లునొప్పులని మూడు గురువారములు పడుకొనెను. మియెక్ ఒక్కనికే తెలిసిన పాట యొకటి మిగిలియుండెను. అతడు మూడుసార్లు గుమ్మమునకు వచ్చి, "ఈ ఒక్కటీ నేర్చుకో తల్లీ" అనెను. మూడుసార్లును ఆమె వచ్చేవారమనెను. నాలుగవ గురువారము లేచి పోవుసరికి ముదుసలి కన్నుమూసి యుండెను.

ఆ పాట మరి రాలేదు. సువణ్ణరి దాని చోట వేరు పాట కట్టలేదు. ఆటలో ఆ పాట ఘట్టము రాగానే వాద్యములాపించి, పిల్లలచేత అడుగులు మాత్రము వేయించెను. పిమ్మట ఇరువదియేండ్లు ఒక్క గురువారమైనను తప్పలేదు. జ్వరమున లేవలేని నాడు పక్కమీదనుండియే చేయి కదలించి నేర్పెను. పెద్దదైన పిసెయ్ తన కూతురి వ్రేళ్లు వంచుట చూచి, సువణ్ణరి "ఇక నేను పడుకుంటానే" అని కన్నుమూసెను. ఆ ఊరు పంటలతో, పిల్లలతో, ఆటపాటలతో కళకళలాడెను.

కావున ఔపగవా, ఈ నోము ఆడువారు పాడువారే గాక, నేతవారు, కుమ్మరులు, మంత్రసానులు, జోలపాడు తల్లులు, చేతులార ఏ పని నేర్చినవారైనను చేయవచ్చును. అలసినవారు తప్పక చేయవలెను. చేసినవారి యింట పిల్లలు పెద్దల చెంత కూర్చుందురు, విద్య తరము దాటును, కలిమి నిలుచును. పోయినదానిని మాత్రము ఈ నోము తెచ్చియీయదు. ఉన్నదానిని కాచును, అని దీర్ఘశ్రవుడు చెప్పెను.

కథ యైనది. అక్షతలు పెద్దలచేత తలపై వేయించుకొని, నేడే వారికి వచ్చినదొకటి అడిగి నేర్చుకొనుడు. వారు ఓపిక లేదన్నచో, లేవక వారి చెంతనే కూర్చుండుడు.