మొగలిమెట్ట తెప్ప ప్రయాణం

నది సముద్రంలో కలిసే చోటికి రెండు రోజుల దూరంలో మొగలిమెట్ట అనే అడవి ఉంది. అందులో కుందేళ్ళు, కొండముచ్చులు, ఏదుపందులు, ఇంకా చాలా జంతువులు ఉండేవి. ఒడ్డున నీటికుక్కలు ఉండేవి. ఏడాదికి ఒక్కసారి, వరద తగ్గాక, ఆ నీటికుక్కలు పెద్ద వెదురు తెప్ప కట్టి, అడవి జంతువులను సముద్రం దగ్గరి లంకకు విహారానికి తీసుకువెళ్ళేవి. తెప్ప నడిపే సరంగు పేరు పోలయ్య.

ఆ అడవిలో వీరాయమ్మ అనే ముసలి ఏదుపంది ఉండేది. ఆమెకు మతిమరుపు మొదలైంది. నిన్న తవ్విన దుంప ఎక్కడ పెట్టిందో ఇవాళ గుర్తుండేది కాదు. లంకలో ఆమె అక్క ఉంది. ఇద్దరూ కలుసుకుని చాలా ఏళ్ళయింది. ఒకరోజు అక్క ముఖం ఎంత తలచుకున్నా వీరాయమ్మ కళ్ళ ముందుకు రాలేదు.

'పూర్తిగా మరిచిపోకముందే ఒక్కసారి చూసి రావాలి. ఈ ఏడు తెప్ప తప్పిపోతే, వచ్చే ఏటికి అక్క ఉందన్న సంగతే గుర్తుండదేమో' అనుకుంది.

అందుకని ముందునుంచే ఏర్పాట్లు మొదలుపెట్టింది. చేయవలసిన ప్రతి పనికీ ఒక ముల్లుకు ఒక ఆకు గుచ్చుకుంది. తాగే నీటికి తామరాకు, మందుకు తులసాకు, దారిలో తినే దుంపలకు చేమాకు. మూడు రోజుల్లో ఆమె ఒళ్ళంతా పచ్చగా అయిపోయింది.

భద్రం అనే కొండముచ్చు అది చూసి కొమ్మ మీద దొర్లి దొర్లి నవ్వాడు.

"అవ్వా! నువ్వు ప్రయాణానికి పోతున్నావా, పెళ్ళిపందిరి వేస్తున్నావా?"

"నాకు గుర్తుండదు నాయనా. అందుకే ఈ తంటా."

"నన్ను చూడు. పోయినేడు వెళ్ళొచ్చాను. ఎక్కడ ఆగాం, ఎప్పుడు బయల్దేరాం, అన్నీ ఈ బుర్రలో ఉన్నాయి. ఎవర్నీ అడిగే పని లేదు."

వీరాయమ్మ మాత్రం సరంగు దగ్గరికి వెళ్ళింది. ఎక్కడ కూర్చుంటే కళ్ళు తిరగవు, తాగే నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, దారిలో ఎక్కడ ఆగుతారు అని అడిగింది. మళ్ళీ వెళ్ళి అవే అడిగింది. మూడోసారి అడిగితే పోలయ్య నవ్వి, విసుక్కోకుండా చెప్పాడు.

"తెప్ప మధ్యలో కూర్చో అవ్వా, ఊపు తక్కువ. మందులూ నీళ్ళూ నీ దగ్గరే పెట్టుకో, మూటల కింద పడితే దొరకవు. ఈ ఏడు వరద తొందరగా తగ్గింది కనుక పోయినేటికంటే రెండు రోజులు ముందే కదులుతున్నాం."

ఆమె ఒక రోజు ముందే వచ్చి ఒడ్డున పడుకుంది. భద్రం తెప్ప కదిలే వేళకు రెండు పనసకాయలు, నాలుగు అరటిగెలలు ఈడ్చుకుంటూ వచ్చాడు. ఆ బరువుకు తెప్ప ఒక పక్కకు ఒరిగింది. సరంగు ఒక్క గెల ఉంచి మిగతావి దింపేశాడు. భద్రం మూతి ముడుచుకుని, సరదాగా ఉంటుందని తెప్ప కొసన కూర్చున్నాడు. నాలుగు మలుపులు తిరిగేసరికి తిన్నదంతా కక్కేశాడు. వీరాయమ్మ తన దగ్గరున్న అల్లంముక్క ఇచ్చింది.

మర్నాడు పొద్దున్నే తెప్ప ఒక ఇసుకతిప్ప దగ్గర ఆగింది. సముద్రపు పోటు వస్తోంది, నీరు ఎదురు తన్నుతోంది.

"పోటు తగ్గి నీరు వెనక్కి మళ్ళగానే కదులుతాం. ఎవరి కోసమూ ఆగను. ఆగితే నీరు తగ్గిపోయి తెప్ప బురదలో కూరుకుపోతుంది," అన్నాడు పోలయ్య.

"తెలుసులేవయ్యా, ఎండ నడినెత్తికి వచ్చాక కదా! పోయినేడు నేను లేనా?" అంటూ భద్రం తిప్ప అవతలి రేగుచెట్ల వైపు దూకుతూ వెళ్ళిపోయాడు.

వాడి జ్ఞాపకంలో తప్పు లేదు. కానీ నీరు మళ్ళే వేళ రోజురోజుకూ కాస్త ఆలస్యమవుతూ ఉంటుంది. రెండు రోజులు ముందు వచ్చారు కనుక ఈసారి నీరు కూడా ముందే మళ్ళుతుంది. అడిగితే ఆ మాట సరంగు చెప్పేవాడు.

వీరాయమ్మ అడిగింది. "నడిపొద్దుకు చాలా ముందే అవ్వా," అన్నాడు. ఆమె పక్కన కూర్చున్న కుందేలుతో, "అమ్మాయ్, నేను దగ్గర్లోనే నీళ్ళు తెచ్చుకుంటాను. రాకపోతే పేరు పెట్టి గట్టిగా పిలువు," అని చెప్పి దిగింది.

నీటిగుంట దగ్గర పెద్ద గాలి వీచింది. ముళ్ళకున్న ఆకులన్నీ ఎగిరిపోయాయి. చుట్టూ ఒకేలాంటి మడచెట్లు. ఎటు నుంచి వచ్చిందో, ఎందుకు వచ్చిందో ఆమెకు తోచలేదు.

"వీరాయమ్మవ్వా! ఓ వీరాయమ్మవ్వా! నీరు మళ్ళుతోంది!"

కుందేలు గొంతు. ఆమె ఆ కేక వెంటే పరుగెత్తింది. ఆమె ఎక్కగానే తెప్ప కదిలింది.

భద్రం రేగుపళ్ళు నములుతూ తీరిగ్గా వచ్చేసరికి ఒడ్డున బురద తప్ప ఏమీ లేదు. చుట్టూ నీళ్ళు, వాడికి ఈత రాదు. తెప్ప తిరిగి వచ్చేదాకా నాలుగు రోజులు రేగుపళ్ళతో, గుంటనీళ్ళతో తిప్ప మీదే గడిపాడు. లంక చూడనే లేదు.

లంకలో వీరాయమ్మ దిగి, ప్రతి కలుగు దగ్గరా ఆగి అడుగుతూ వెళ్ళింది. చివరి కలుగు ముందు ఒక పండుముసలి ఏదుపంది ఎండ కాచుకుంటోంది. ఎడమ చెవి కొంచెం చిరిగి ఉంది. ఆ చెవి చూడగానే వీరాయమ్మకు ముఖమంతా గుర్తొచ్చేసింది.

"అక్కా!"

ముసలిది కళ్ళు చిట్లించి చూసింది. "ఎవరమ్మా నువ్వు? ఎవరి కోసం వచ్చావు?"

వీరాయమ్మ వెళ్ళి పక్కన ఆనుకుని కూర్చుంది.

"నీ చెల్లెల్ని అక్కా. నువ్వు మరిచిపోయినా ఫరవాలేదు. నేను చెబుతాను, విను."

నీతి: అంతా తెలుసని అడగనివాడు దారిలో మిగిలిపోతాడు, మరిచిపోతానని తెలిసి ముందే అడిగి, తోటివారికి చెప్పుకున్నవారు గమ్యం చేరతారు.