గట్టు రాజు అడగలేకపోయిన నిప్పు

అనగనగా ఒక ఊరు. ఆ ఊరి మధ్యన ఒక గోడ. గోడ ముందునుంచీ లేదర్రా, తర్వాత కట్టారు. ఎందుకు కట్టారో చెప్పాలంటే సిగ్గుపడాల్సిన కథే. చంటీ, దుప్పటి అంతా నువ్వే లాక్కోకు, చెల్లికీ కొంచెం ఇవ్వు. ఊ కొట్టనివాళ్ళకి సగం కథే చెప్తాను.

గట్టుమీద ఒక రాజు, పల్లంలో ఒక రాజు. ఒకరి పొడ ఒకరికి గిట్టదు. ఇద్దరి మధ్యనున్న ఈ ఊళ్ళో ఒక రాకాసి రాజు బయల్దేరాడు. గట్టువాళ్ళ పశువుల్ని తోలుకుపోయాడు, పల్లంవాళ్ళ పంట తగలబెట్టాడు. ఇంక లాభం లేదని ఇద్దరూ కలిశారు. కలవడమంటే ఒకే డేరా, ఒకే కుండ. ఒకరి పొయ్యి ఆరితే ఇంకొకరు నిప్పిచ్చేవాళ్ళు. గట్టు రాజు దెబ్బతిని వానలో వణికిపోతుంటే, పల్లం రాజు కుండపెంకు దొరక్క నిప్పులు దోసిట్లోనే పట్టుకొచ్చాడట. అరచేతులు బొబ్బలెక్కి మచ్చలు పడ్డాయి. ఆ ముచ్చటలోనే పల్లం రాజు కూతురు నాగమల్లిని గట్టు రాజు కొడుక్కిచ్చి పెళ్ళి చేశారు.

రాకాసి రాజు చచ్చాడు. ఊరు చెరిసగం పంచుకున్నారు. వింటున్నారా, లేక గోడకి చెప్తున్నానా?

ఊరెలా నడపాలన్న దగ్గర వచ్చింది తంటా. ఎవరి పొయ్యి వాళ్ళదే, ఎవరి వంట వాళ్ళదే, అప్పుడే మనిషి మనిషిలా ఉంటాడని గట్టు రాజు. ఊరంతటికీ ఒకటే పొయ్యి, అందరికీ ఒకటే అన్నం, అప్పుడే ఎవడూ పస్తుండడని పల్లం రాజు. రెండు మాటల్లోనూ కాస్త కాస్త నిజముంది. కానీ మాట పట్టింపైంది, పట్టింపు పంతమైంది, పంతం గోడైంది. గోడకి అటూ ఇటూ పిడకల గుట్టలు పేర్చారు. ఎందుకంటారా? అవతలివాడు కదిలితే వాడి ఊరు తగలబెట్టడానికి. జనం ఇళ్ళు కారుతున్నా దిక్కులేదు గానీ, ఆ గుట్టలకి మాత్రం తాటాకు పందిళ్ళు. చూశారా బుద్ధులు. గోడ దాటి నిప్పు వస్తే గుట్ట అంటుకుంటుందని, నిప్పు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అని ఇద్దరూ చాటింపు వేయించారు.

అలా ఉండగా ముసురు పట్టింది. గట్టువైపు పొయ్యిలన్నీ ఒక్కొక్కటే ఆరిపోయాయి. పక్కింటికి వెళ్తే అక్కడా బూడిదే. చెకుముకి కొడదామంటే దూది చెమ్మ. పొయ్యి లేక పొగ లేదు, పొగ లేక గంజి లేదు, గంజి లేక పిల్లలకి నిద్ర లేదు. సరిగ్గా అప్పుడే నాగమల్లి ఆడపిల్లని కంది. పురిటి గదిలో కుంపటి లేదు. పసిదాని ఒళ్ళు చల్లబడుతోంది, పాలు పట్టడంలేదు.

పల్లంవాళ్ళ ఉమ్మడి పొయ్యి ఇంకా ఆరలేదని, నాగమల్లి తన దాసిని నిప్పుకోసం గోడ దగ్గరికి పంపింది. గట్టువాళ్ళెవరో నిప్పడుగుతున్నారని కాపలావాళ్ళు పల్లం రాజుకి చెప్పారు. ఎవరికి, ఎందుకు అని కూడా అడక్కుండా ఆయన పొమ్మనమన్నాడు.

దాసి ఉత్తచేతుల్తో వచ్చింది. నాగమల్లి ఏడవలేదు. మామగారిని పిలిపించి బిడ్డని ఆయన చేతుల్లో పెట్టింది. "మామగారూ, ఆనాడు మిమ్మల్ని బతికించిన నిప్పు ఎవరి పొయ్యిలోదో మీరు అడిగారా?" అంది.

గట్టు రాజుకి బిడ్డ పాదం చేతికి చల్లగా తగులుతోంది. చాటింపు వేయించింది తనే. పొయ్యిలన్నీ ఆరాయని తెలిసి కూడా, అడగడానికి నామోషీపడి ఇంట్లో కూర్చున్నదీ తనే. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదాయనకి. కిరీటం తీసి పక్కన పెట్టాడు. పగిలిన కుండపెంకు ఒకటి పట్టుకుని, పట్టపగలు, ఊరంతా చూస్తుండగా వానలో నడిచాడు. అంత సైన్యాన్ని నడిపించినవాడికి ఆ నాలుగడుగులూ బరువైపోయాయి.

గట్టు రాజు గోడ దగ్గరికొచ్చాడనగానే పల్లం రాజు కత్తి పట్టుకుని వచ్చాడు. చూస్తే పెంకు. నిప్పు ఎవరికని అడిగాడు.

"నీ మనవరాలికి," అన్నాడు గట్టు రాజు.

కత్తి జారిపోయింది. పొద్దున తను తరిమేయించింది ఎవరికోసం వచ్చిన మనిషినో ఆయనకి అప్పుడు తెలిసింది. పరుగున వెళ్ళి నిప్పులు తెచ్చి పెంకులో పోస్తుంటే, ఆ అరచేతుల మచ్చలు గట్టు రాజు కంటబడ్డాయి. ఆయన తలొంచుకున్నాడు, ఇంక ఎత్తలేకపోయాడు. ఎత్తినా చూసేవాళ్ళు లేరు, పల్లం రాజూ నేల చూపులే చూస్తున్నాడు.

కుంపటి రాజుకుంది. పొడి పిడకలెక్కడివంటారా? గోడవారన గుట్టలున్నాయిగా. ముందొక బుట్ట, తర్వాత బండెడు, తర్వాత రెండు గుట్టలూ రెండువైపుల పొయ్యిల్లోకీ వెళ్ళిపోయాయి. బిడ్డ ఒళ్ళు వెచ్చబడింది, పాలు తాగింది, కెవ్వుమని ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఊరంతా వేడి వేడి గంజి తాగారు.

పొయ్యిల సంగతి మాత్రం ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. వాదించుకోనీండి. గోడకి మాత్రం మనిషి పట్టేంత దారి కొట్టించారు. ఆ పిల్ల నడక నేర్చి ఆ దారిలోంచే ఇద్దరు తాతల మధ్యా తిరిగేది. ఒకనాడు ఇద్దర్నీ చెరోచేత్తో పట్టుకుని, తాతా, ఈ గోడ ఎందుకు కట్టారు అని అడిగిందట.

ఆయన చెప్తాడని ఈయన చూశాడు. ఈయన చెప్తాడని ఆయన చూశాడు.

అందుకే, నిప్పడగొచ్చినవాళ్ళని మీది ఏ ఇల్లని అడక్కూడదు. చంటీ, దుప్పటి మధ్యకి లాగు, ఇద్దరికీ సరిపోతుంది. కథ కంచికి, మీరిద్దరూ ఆ దుప్పట్లోకి.