ఆదెమ్మ ఇంట్లో గట్టి నీళ్ళు

సున్నపుగుట్ట అనే పట్నంలో బెల్లం కొట్టు పెట్టుకుని ముగ్గురన్నదమ్ములు ఉండేవాళ్ళు. చెంచయ్య, బసవయ్య, గురవయ్య. తమ ఇంట్లో ఉన్నంత తెలివి ఆ వీధి మొత్తం గాలించినా దొరకదని వాళ్ళ నమ్మకం. "ఎవరికైనా ఒక్క బుర్రే ఉంటుంది, మనకి మూడున్నాయి" అని చెంచయ్య అంటే, తమ్ముళ్ళిద్దరూ లెక్కపెట్టి చూసి నిజమేననేవాళ్ళు. "నాది కలిపితే నాలుగురా" అనేది వాళ్ళమ్మ ఆదెమ్మ. ఆమె తెలివీ ఆ కోవలోదే.

కాలవ ఒడ్డు పల్లెలో ఉన్నన్నాళ్ళూ ఏ ఇబ్బందీ లేదు. పట్నం వచ్చాకే మొదలైంది తంటా. ఆదెమ్మకి ఒక్క పన్నూ లేదు. ముద్దపప్పు, నెయ్యి వేసి అన్నం మెత్తగా పిసికి పెడితే తప్ప గొంతు దిగదు. ఇక్కడేమో కొళాయి నీళ్ళు పోసి పొద్దున పొయ్యి మీద పెట్టిన కందిపప్పు మధ్యాహ్నమైనా పలుకుపలుకుగానే ఉండేది. పాపం, ఆమె కాసిని మజ్జిగ తాగి పడుకునేది. మనిషి సగమైపోయింది. కొడుకులకి అమ్మంటే ప్రాణం. ఆమె కంచం ముందు కూర్చుని పప్పు పలుకులు ఏరి పక్కన పెడుతుంటే ముగ్గురికీ కళ్ళనీళ్ళు తిరిగేవి.

చెంచయ్య వెళ్ళి పక్కింటి నాగరత్నాన్ని అడిగాడు. ఆవిడ ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన పెద్దావిడ. "ఈ ఊరి నీళ్ళు గట్టివి నాయనా. వాటిలో పప్పు ఉడకదు" అంది.

అంతే. ముగ్గురూ బిందె చుట్టూ చేరి నీళ్ళని వేలితో పొడిచి చూశారు. ఎక్కడా గట్టిగా తగల్లేదు. మామిడిపండులా పైన మెత్తగా ఉండి లోపల టెంక ఉంటుందని బసవయ్య తేల్చాడు. గట్టిదాన్ని మెత్తన చేయాలంటే దంచడమే దారి. ఇంకేముంది, రోట్లో నీళ్ళు పోసి చెంచయ్య రోకలెత్తాడు. ఒక్కో పోటుకీ నీళ్ళు ఎగిరి ముగ్గురి మొహాల మీదా పడ్డాయి. కాసేపటికి రోలు ఖాళీ. నీళ్ళు మరీ పొడైపోయి గాలికి ఎగిరిపోయాయన్నాడు గురవయ్య. అయితే దంచొద్దు, శనగల్లాగా నానబెడదామనుకున్నారు. బిందెడు నీళ్ళు తెచ్చి గంగాళంలోని నీళ్ళలో పోసి నానబెట్టారు. మర్నాడు చూస్తే నానబెట్టిన నీళ్ళేవో, నానబెట్టడానికి పోసిన నీళ్ళేవో విడదీయడం వాళ్ళ తరం కాలేదు.

వీళ్ళ రభస విని నాగరత్నం గోడ మీంచి తొంగి చూసింది. నీళ్ళు బాగా మరగబెట్టి చల్లార్చమని, పైన తేట వంచుకుని కిందున్నది పారెయ్యమని విడమరిచి చెప్పింది. చెప్పినట్టే మరగబెట్టారు, చల్లార్చారు, తేట వంచుకున్నారు. గిన్నె ఎత్తి కిందేముందా అని చూస్తే గ్యాసు పొయ్యి ఉంది. కొత్త పొయ్యి. బసవయ్యకి మనసొప్పలేదు. అమ్మకంటే పొయ్యి ఎక్కువా అని చెంచయ్య గద్దించాడు. అంతే, ముగ్గురూ కలిసి మోసుకెళ్ళి మురిక్కాలవలో పడేసి వచ్చారు. పప్పు సిద్ధం, తేట నీళ్ళు సిద్ధం, వండటానికి పొయ్యి లేదు.

ఈ హడావుడిలో తిప్పి వదిలేసిన కొళాయి మాట మరిచిపోయారు. నీళ్ళు గడప దాటి వీధిలోకి వచ్చాయి. "కొళాయి కట్టెయ్యండయ్యా" అని నాగరత్నం కేకేసింది. ఇంకేముంది, గురవయ్య పల్లె నుంచి తెచ్చుకున్న గేదె పలుపు పట్టుకొచ్చాడు. కొళాయి మెడకి ముడేసి కిటికీ ఊచకి కట్టాడు. నీళ్ళు ఆగలేదు. కట్టు వదులుగా ఉందని ముగ్గురూ పట్టి లాగారు. కొళాయి ఊడి చేతికొచ్చింది, నీళ్ళు ఇంటి కప్పుకి కొట్టాయి. చివరికి నాగరత్నమే వచ్చి గొట్టంలో గుడ్డ కుక్కింది. తడిసి ముద్దయిన వాళ్ళని చూసి జాలిపడి, తలలు తుడుచుకోమని, ఈ నీళ్ళకి జుట్టు ఊడుతుందని చెప్పి, కూతురి ఊరికి బస్సెక్కింది.

ఊడేదాకా ఆగితే వెంట్రుకలు అమ్మ కంచంలో పడతాయని బసవయ్యకి బెంగ. అంతే, ముగ్గురూ క్షవరం కొట్టుకెళ్ళి నున్నగా గుండ్లు చేయించుకున్నారు. మీసాలూ తీయించేశారు. కొట్టతను కత్తి పక్కన పెట్టాడు. అమ్మ ఎలా ఉందని మెల్లగా అడిగాడు. "ముద్ద దిగట్లేదు. ఇంట్లో పొయ్యి కూడా వెలగలేదు" అన్నాడు గురవయ్య.

కొట్టతను చేతులు జోడించాడు. వాళ్ళు ఇల్లు చేరేసరికి ఆదెమ్మ పోయిందన్న కబురు వాళ్ళకంటే ముందు వీధికి చేరింది. చావింట్లో వంట చేయకూడదు గనక ఇరుగుపొరుగు వాళ్ళు క్యారియర్లు పట్టుకొచ్చారు. అరుగు మీదే కూర్చుని కళ్ళు తుడుచుకుని, వెదురుబొంగులు పంపిస్తాం, పాడె కట్టి తీసుకురండి, శ్మశానం దగ్గర ఉంటాం అని చెప్పి వెళ్ళారు.

క్యారియర్లో ముద్దపప్పు ఉంది. కొనుక్కున్న క్యాను నీళ్ళతో వండినదేమో, వెన్నలా ఉంది. లోపల ఆదెమ్మ కడుపారా తిని ఎన్నాళ్ళకో త్రేన్చింది.

గురవయ్యకి అనుమానం వచ్చింది. "అన్నా, అమ్మ పోయిందంటున్నారు. మరి అన్నం తింటోందేంటి?"

"ఆకలితో పోయింది కదరా, తినదా మరి" అన్నాడు చెంచయ్య. ఊరంతా ఒక మాట అంటుంటే మనం ముగ్గురం కాదంటే బాగుండదని కూడా అన్నాడు. ముగ్గురూ బావురుమని ఏడుస్తూ పాడె కట్టారు.

ఆదెమ్మ చెయ్యి కడుక్కుని బయటికొచ్చి, ఎవరు పోయారని అడిగింది. ఆదెమ్మంటమ్మా, ముగ్గురు కొడుకుల తల్లంట, అన్నాడు బసవయ్య. ఆమె గుండెలు బాదుకుంది. ముగ్గురు కొడుకులుండీ ముద్ద దిగక పోయిందా పిచ్చితల్లి, నేనూ వచ్చి సాగనంపుతానంది. అంతదూరం నడవడానికి మోకాళ్ళు సహకరించవు. పాడె ఎలాగూ ఖాళీగానే ఉంది కదా అని ఎక్కి కూర్చుంది.

శ్మశానం దగ్గర కాచుకున్న జనానికి, వెనక్కి చూడకుండా ముందు నడుస్తున్న డప్పులవాళ్ళ చప్పుడు మొదట వినిపించింది. తర్వాత పాడె కనిపించింది. దాని మీద బాసింపట్టు వేసుకుని కొంగుతో కళ్ళొత్తుకుంటూ ఆదెమ్మ కనిపించింది. ఇంకేముంది, డప్పులు ఎక్కడివక్కడ పడేసి, చెప్పులు వదిలేసి, జనం తలో దిక్కూ పరుగో పరుగు. ఒక్క మనిషి మిగల్లేదు.

చెంచయ్య పాడె దించి అటూ ఇటూ చూశాడు. జనం అంతలా ఎందుకు కోపగించుకున్నారో అతనికి అప్పుడు తట్టింది.

"శవాన్ని ఇంటి దగ్గరే మరిచిపోయాం కదరా" అన్నాడు.

"చూసుకోవద్దట్రా వెధవల్లారా" అని ఆదెమ్మ నెత్తి కొట్టుకుంది. "పరిగెత్తండి, పోయి పట్టుకురండి. మీరొచ్చేదాకా ఈ పాడె ఇంకెవరూ ఎత్తుకుపోకుండా నేను కాపలా ఉంటాను."