కొరమీను రంగులడగడం మానేసిన కథ

ఒకప్పుడు నీళ్లకీ గట్టుకీ మధ్య మాటలుండేవి. చేప పలికితే మనిషికి వినపడేది. మనిషి తిడితే చేపకి తగిలేది. ఆ రోజుల్లో కొరమీనుకి రంగుల పిచ్చి ఉండేది.

తుంగ మడుగులో మట్టయ్య అనే కొరమీను ఉండేవాడు. ఒళ్లంతా బురద రంగు. తన ముఖం తానెప్పుడూ చూసుకోలేదు గనక, రంగుల సంగతి తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదనుకునేవాడు. తామరపువ్వు విచ్చుకుంటే "కాస్త ముదిరింది" అనేవాడు. పొద్దు కుంకుతుంటే "నిన్నటి ఎరుపే నయం" అని పెదవి విరిచేవాడు.

ఆ ఏడు మట్టయ్యకీ, వాళ్లావిడ మట్టమ్మకీ పిల్లలు పుట్టారు. కొరమీను పిల్లలు సన్నగా, ఎర్రగా ఉంటారు. అందరూ కలిసి కుంకుమ ముద్దలాగా తిరుగుతుంటారు. చూసిన ప్రతివాడికీ నోరూరుతుంది. అందుకే తల్లో తండ్రో కింద కాపలా ఉండాలి.

"నేను తిండి చూసుకొస్తా," అంది మట్టమ్మ. "పైన ఏదైనా నల్లగా కదిలితే ముందు కొట్టు. తర్వాత చూడు."

"ఏ రంగో చూడకుండా కొట్టడమేంటే, మోటుగా?"

"కింద నుంచి చూస్తే అన్నీ నలుపేనయ్యా! పైనుంచి ఎండ కొడుతుంటే చిలకైనా కాకిలాగే ఉంటుంది."

"అందుకే పైకెళ్లి చూడాలంటాను."

"నీ సోకు తగలెయ్య! పిల్లలు జాగ్రత్త," అని తోక విదిలించి వెళ్లిపోయింది మట్టమ్మ.

గట్టు మీద దాలయ్య కాపురం. కొరమీను పులుసు తినాలని అతనికి ఎన్నాళ్లనుంచో కోరిక. కర్రతో ఒక కప్పని చెక్కాడు. అది నీళ్ల మీద తేలుతుంది. దాని వెనకాల గుడ్డ పీలికలతో కుచ్చుల పావడా కట్టాడు. పావడా మాటున గాలం ముల్లు దాచాడు.

టప్! ఎర్ర పావడా కప్ప నీళ్ల మీద పడింది.

మట్టయ్య పిల్లల వైపు చూశాడు. ముద్దగానే ఉన్నారు. ఒక్క చూపే కదా అని పైకొచ్చాడు. పక్కకి వాలి ఒంటికన్నుతో కప్పని పరీక్షించాడు.

"ఏమయ్యోయ్ దాలయ్యా! ఎర్ర పావడా ఏంటి, మీ కప్ప పెళ్లికెళ్తోందా?"

"పోనీ, పసుప్పచ్చ?"

"గడపకి రాయి, బావుంటుంది."

"పచ్చ తెచ్చాను, చూడు!"

"చిలకపచ్చ ఎవరడిగారు? నాచుపచ్చ ఉంటే చూపించు. కొంచెం వెలిసినట్టుండాలి."

దాలయ్య బట్టల కొట్టు గుమస్తాలా ఇంటికీ గట్టుకీ పరుగులు తీశాడు. కాసేపటికి ఇంట్లోంచి అతని పెళ్లాం కాసులమ్మ కేకలు మడుగులోకి వినపడ్డాయి.

"నా లంగాలన్నీ నీ కప్పకే సరిపోయాయి! రేపు నేనేం కట్టుకోను, తామరాకులా?"

"అరవకే. అది మామూలు చేప కాదు. దానికి రుచి ఉంది!"

"నీకు లేంది అదే! ఇదిగో, ఇక మిగిలింది ఈ గులాబీదొక్కటే. దీనికీ పడకపోతే గాలానికి నిన్నే కట్టేస్తా!"

మట్టయ్య పొంగిపోయాడు. తన రుచి కోసం గట్టు మీద ఒక కాపురం కూలిపోతోంది! ఏ కొరమీనుకి దక్కింది ఇంత గౌరవం?

అంతలో నీళ్ల మీద మరో నీడ పడింది. 'అప్పుడే వచ్చేశాడే!' అనుకుని మట్టయ్య పైకి లేచాడు. ఈసారి పిల్లల వైపు చూడటం కూడా మర్చిపోయాడు.

"ఆహా, నలుపు! అందులో లేత నీలం. పైన నూనె రాసినట్టు నిగనిగ! రంగంటే ఇదీ, దాలయ్యా! ఏ కొట్లో దొరికింది?"

దాలయ్య ఇంకా ఇంట్లోనే తిట్లు తింటున్నాడు. జవాబు నీడే చెప్పింది.

"కొన్నది కాదు బాబూ, పుట్టుకతో వచ్చింది," అంది నీటికాకి సిగ్గుపడుతూ. "ఇంత చక్కగా నన్నెవరూ మెచ్చుకోలేదు. కాస్త పక్కకి జరుగుతారా?"

మట్టయ్య మర్యాదగా పక్కకి జరిగాడు.

నీటికాకి బుడుంగున మునిగింది.

దూరం నుంచి మట్టమ్మ బాణంలా వచ్చింది. నీటికాకి కాలు కొరికి, తోకతో నాలుగు బాది తరిమేసింది. కానీ అప్పటికే కుంకుమ ముద్ద కాస్తా బొట్టంత అయింది.

మట్టయ్య తిట్లకోసం ఎదురుచూశాడు. మట్టమ్మ తిట్టలేదు. మిగిలిన పిల్లల్ని దగ్గరికి చేర్చుకుంది, అంతే.

మట్టయ్య పోయి పిల్లల కింద నిలబడ్డాడు. అక్కడి నుంచి మొదటిసారి పైకి చూశాడు. తామరాకు నలుపు. తూనీగ నలుపు. తను వంకలు పెట్టిన పువ్వు కూడా నలుపే.

టప్! పైన ఏదో కదిలింది.

మట్టయ్య ఏ రంగని అడగలేదు. నీళ్లు పగిలిపోయేలా లేచి కొట్టాడు. ముల్లు పెదవికి దిగింది. గింజుకున్నాడు, మెలికలు తిరిగాడు. పెదవి చీరింది, తాడు తెగింది. మళ్లీ పిల్లల కిందికే వచ్చి పడ్డాడు.

"ఏం రంగు వేశాడు?" అంది మట్టమ్మ, నెమ్మదిగా.

"నేను చూళ్లేదే," అన్నాడు మట్టయ్య.

అతని పెదవికి ఒక గులాబీ పీలిక వేలాడుతోంది. మట్టమ్మ దాన్ని నోటితో పీకేసి, అతని పక్కకి జరిగింది.

గట్టు మీద దాలయ్య గంతులేస్తున్నాడు. "గులాబీ! గులాబీకి పడిందే, కాసులూ!"

"మరి చేపేదీ?"

"అది పోయింది. రంగు మాత్రం దొరికింది!"

అప్పటినుంచే, పిల్లలున్న కొరమీను తలపైన నీడ కదిలితే చాలు, కప్పా కర్రా అని చూడకుండా లేచి కొడుతుంది. గాలాలవాళ్లు మాత్రం ఈనాటికీ పెట్టెడు కుచ్చులు సర్దుకొచ్చి, ఎరుపా గులాబీయా అని పొద్దెక్కేదాకా గట్టున వాదించుకుంటారు. కింద కొరమీనుకి అంతా వినపడుతూనే ఉంటుంది. కానీ బదులు చెప్పదు. రంగుల గురించి ఒక్క మాటకని పైకి వెళ్తే ఏమవుతుందో దానికి తెలుసు.